పదకొండో నంబరు వీపు

నేను లెఫ్ట్ బ్యాకు, నువ్వు లెఫ్ట్ వింగు.
ఏడాదిన్నరగా
నువ్వంటే నాకు వీపే తవిటేసూ.
చెమటకి అతుక్కుపోయిన పదకొండు,
నీ ఊపిరికి వంకరపోయే రెండు ఒకట్లు.
నీ కుడి భుజం రవ్వంత దిగితే చాలు
బంతి ఎక్కడికి కావాలో తెలిసిపోయేది.
అడిగి తీసుకున్న బంతి ఒక్కటీ లేదు మన మధ్య.

మంగళవారం టెక్కలి వాళ్ళ మీద గెలిచి
గంటస్తంభం దగ్గర పునుగులు తింటున్నప్పుడు
కూడా చెప్పలేదు.
చట్నీ ఇంకాస్త వేయించుకున్నావు.
నా ప్లేట్లో మిరపకాయ తీసుకున్నావు.
బుధవారం ఆఫీసులో గుమస్తా అన్నాడు:
"మీవోడు టీసీ అట్టుకెళ్ళిపోనాడు కదేటి?"

విశాఖలో పెద్ద కాలేజీ.
పచ్చగడ్డి, రాత్రిపూట దీపాలు,
హాస్టలు ఉచితం, పొద్దున్నే నాలుగు గుడ్లు,
అడుగున ఒక్క స్టడ్డూ ఊడని బూట్లు.

ముత్యాలు మేస్టారు ఏమీ అనలేదు.
కోట వెనక మైదానంలో సున్నం గీతలు గీస్తూ
ఎడమ మూలకొచ్చేసరికి చెయ్యి ఆగింది,
సున్నం ఒక్కచోటే కుప్పపడింది.
తర్వాత విజిల్ ఊదారు. పరిగెత్తాం.

కుర్రాళ్ళు మాత్రం చాలా అన్నారు.
ఇంకా మూడు ఆటలుండగా
పంక్తిలో విస్తరి ముందునుంచి లేచిపోయాడన్నాడు గౌస్.
నేనూ అన్నాను,
అన్నాక నోరు కడుక్కోవాల్సిన మాట ఒకటి.

గురువారం నీ జెర్సీ పట్టుకుని మీ నాన్న వచ్చాడు,
నెల్లిమర్ల నుంచి సైకిలు మీద,
మిల్లు గేటు ముందు పద్నాలుగు నెలలు కూర్చున్న మనిషి.
ఉతికి, ఇస్త్రీ చేసి, పేపర్లో చుట్టి,
జనపనార పురితో కట్టి తెచ్చాడు.
"సెప్పనేకపోనాడు బాబూ మావోడు.
ఎవుల మొకం సూసినా ఆగిపోతానని బయం."
ఆ ముడి విప్పడం మాలో ఎవరికీ రాలేదు.
పళ్ళతో కొరికి తెంపాం.

శుక్రవారం అసిరినాయుడు తొడుక్కున్నాడు దాన్ని.
ఫస్టియరు. మీసం ఇంకా రాలేదు.
భుజాలు జారి, పదకొండు వాడి నడుం దాకా దిగింది.
పార్వతీపురం మీద ఆట.
పదో నిమిషంలో బంతి అందింది,
తల ఎత్తకుండానే తన్నాను
నువ్వుండే చోటికి.

అక్కడ ఎర్రమట్టి ఉంది.
బంతి ఒక్కసారి ఎగిరి, గీత దాటి
కొబ్బరిబొండాల బండి కిందికి పోయి ఆగింది.
అసిరి నా వైపు తిరిగాడు.
నువ్వు ఎప్పుడూ తిరగలేదు.
రెండు చేతులూ మోకాళ్ళకి ఆన్చి
"సెప్పాల కదన్నా" అన్నాడు.

ఒకటి–సున్నా. ఓడిపోయాం.

ఈ ఏడు నిన్ను ఆడనివ్వరట, రూలు.
కొత్త బూట్లతో బెంచీ మీద కూర్చుంటావట.
ఇక్కడ ఆడవు, అక్కడా ఆడవు,
అంత తొందరేటిరా అని
ఒక రాత్రంతా నీతో మనసులో దెబ్బలాడాను.
తెల్లారేసరికి మిల్లు గేటు గుర్తొచ్చింది.
నాలుగు గుడ్లు గుర్తొచ్చాయి.
కోపం పోలేదు. పక్కకి జరిగి కూర్చుంది.

వచ్చే ఏడు తప్పదు, మా మీదికి వస్తావు.
ఎడమ నుంచే వస్తావు,
నీకు వేరే దారి తెలీదు.
అంటే మా కుడి వైపు.
నిన్న మేస్టారిని అడిగాను,
నన్ను రైటు బ్యాకు మార్చమని.
ఆయన నా బూట్ల వైపు చూసి
"ఆడి కోసమేనా?" అన్నారు.
నేను లేసులు కట్టుకున్నాను.

రోజూ పొద్దున్నే కోట గోడకి బంతి కొడుతున్నాను.
దిగే భుజం ఎదురునుంచి చూస్తే
ఎలా ఉంటుందో ఊహించుకుంటున్నాను.
నీ మొహం సరిగ్గా గుర్తు రావడం లేదురా.
గడ్డం మీద గాటు ఉండేది, కుడివైపా, ఎడమా?

ఈలోగా, బంతి వేసే ముందు
"అసిరీ!" అని అరవడం నేర్చుకుంటున్నాను.
గొంతు ఇంకా సరిగ్గా లేవడం లేదు.